ఇల్లరికపు పుంజు

పొదుగులో ఉన్న పెట్టను రెండు చేతులతో ఎత్తి పక్కన దించి, సుబ్బరావమ్మ గంపలోని గుడ్లను ఒక్కొక్కటిగా చెవికి ఆనించుకుని విన్నది. పెంకు లోపలి నుంచి రావలసిన చప్పుడు ఒక్కదానిలోనూ లేదు. పిల్లలు దిగవలసిన గడువు దాటిపోయింది. ఆ సంగతి పెట్ట మాత్రం ఒప్పుకోలేదు. దించిన చోటనే ఈకలు రేపుకుని నిలబడి, తన గుడ్లు తనకిమ్మని గొణిగింది.

ఆమె గుడ్లను పేడదిబ్బ వెనక్కు తీసుకుపోయి పగలగొట్టింది. కొన్ని మురిగిపోయాయి. మిగిలినవాటిలో పిల్లలు పూర్తిగా తయారై ఉన్నాయి. ఈకలున్నాయి, గోళ్ళున్నాయి, పెంకు పగలగొట్టుకోవడానికి ముక్కు చివర ఉండే చిన్న బొడిపె కూడా ఉంది. పొడిచే సత్తువ ఒక్కటే లేదు. ఒకదాని ముక్కు కత్తెరలాగా పైభాగం ఒకవైపుకు, కిందిభాగం ఇంకొకవైపుకు తిరిగింది. నిరుడు కూడా ఇదే జరిగింది. అంతకు ముందటి ఏడు దిగిన కొద్ది పిల్లలూ వంకర వేళ్ళతో నడిచాయి.

పెరటి అవతల కళ్ళంలో మిరపకాయల మీద పట్టా సర్దుతున్న ఆమె భర్త యలమందయ్య అక్కడి నుంచే కేకేశాడు.

"ఏమే, దిగినయ్యా?"

"దిగలా."

"నే చెప్తానే ఉన్నా గదా, ఇంక ఈటి పని అయిపోయిందని. బయటి రక్తం పడాల. మన ప్రసాదు భీమవరం నుంచి పుంజుని తెస్తన్నాడు. దాని మెడ చూడు, ఒంటె మెడ!"

"మన పెట్టలకి ఒంటెతో ఏం పనయ్యా?"

యలమందయ్య నవ్వి, పట్టా అంచు మీద రాయి పెట్టాడు. ఒంటె మెడ పుంజు ఆ పెరట్లో కాలు పెట్టిన ఏడాదికి పెట్టలు గుడ్లు పెడతాయి, పిల్లలు దిగుతాయి, అవి బలంగానే ఉంటాయి. కాని అవి ముత్యపుకన్ను కోళ్ళు కావు. ఆ తేడా అతనికి లెక్కలోనిది కాదు.

నల్లమడ వాగుకు ఇవతలి ఊళ్ళలో పెద్దవాళ్ళను అడిగితే ముత్యపుకన్నును ఇప్పటికీ గుర్తులతో సహా చెబుతారు. కంటి చుట్టూ గుండ్రంగా తెల్లటి వలయం, దానిలో నల్లటి చుక్క. నెత్తికి అంటుకుపోయిన పొట్టి తురాయి. లేత పసుపు కాళ్ళు. గద్ద నీడ పడితే పెట్ట పరుగెత్తదు. పిల్లలను కిందికి లాక్కుని, తల పైకెత్తి నిలబడుతుంది. పుంజు కూతను చివర సాగదీయదు, ఎవరో తెంపినట్టు టక్కున ఆపేస్తుంది. ఆ కూతకు అలవాటుపడిన చెవికి మిగతా పుంజులన్నీ అనవసరంగా రాగాలు తీస్తున్నట్టు వినిపిస్తాయి.

ఇన్ని గుర్తులు చెప్పేవాళ్ళు ఒక్క సంగతి చెప్పరు. కోడి జాతి గురించి మాట్లాడే మగవాళ్ళు పుంజు గురించే మాట్లాడతారు. డేగ, కాకి, నెమలి, సేతువ అని రంగులకు పేర్లు పెట్టి, ఏ వారం ఏ రంగు గెలుస్తుందో శాస్త్రం చెబుతారు. గెలిచిన పుంజు ఏ పెట్ట కడుపున పుట్టిందో చెప్పే శాస్త్రం మాత్రం ఇంతవరకు ఎవరూ రాయలేదు. జాతిని నిలబెట్టిన వాళ్ళెవరని అడిగితే బరిలో పందెం కాసిన వాళ్ళ పేర్లు చెబుతారు. ముత్యపుకన్నును నిలబెట్టింది వాళ్ళు కాదు. గోడకు అటూ ఇటూ కాపురమున్న రెండిళ్ళ ఆడవాళ్ళు.

ఒక ఇల్లు సుబ్బరావమ్మ అత్తగారిది. రెండోది ఖైరున్నీసా అత్తగారిది. ఆ ఇద్దరూ ఏ చదువూ లేకుండా ఒక నియమం కనిపెట్టారు. రెండిళ్ళలోనూ పెట్టలుంటాయి. పెట్టపిల్ల పుట్టిన ఇంట్లోనే పెరుగుతుంది, ఎన్నడూ గడప దాటదు. పుంజుపిల్ల మాత్రం, అది పుంజని తెలిసిన నాడే, గోడకు అవతలి ఇంటికి ఇల్లరికం పోతుంది. అందువల్ల ఏ పెరట్లోనైనా తిరిగే పుంజు అవతలి ఇంట పుట్టినదే అయి ఉంటుంది. తోడబుట్టిన పుంజుకూ పెట్టకూ జత కుదరదు. వరస తప్పదు, రక్తం చెడదు, జాతి మారదు.

"దీని బతుకే బాగుంది వదినా," అని ఖైరున్నీసా కొత్తకోడలుగా ఉన్న రోజుల్లో నవ్వేది. "అత్తారింటికి పొయ్యే ఖర్మ పుంజుది."

"పోయినా అత్తపోరు లేదు గదా దానికి," అనేది సుబ్బరావమ్మ.

గోడలో ఒక ఇటుక తీసిన కంత ఉండేది. పుంజుపిల్లలు దానిలోంచే చేతులు మారేవి. పిల్లలు లేని రోజుల్లో కరివేపాకు, చింతపండు, మొగుళ్ళ మీద ఫిర్యాదులు ఆ కంతలోంచే నడిచేవి. అత్తలు పోయారు, కంత కోడళ్ళకు దక్కింది.

కోళ్ళకు కొక్కెర తెగులు వచ్చిన ఏడు ఖైరున్నీసా పెరట్లో పెట్టలన్నీ మెడలు వాల్చి చచ్చిపోయాయి. ఇల్లరికం వచ్చిన పుంజు ఒక్కటే బతికింది. గోడకు ఇవతల తెగులు సోకలేదు. ఎందుకు సోకలేదో ఎవరికీ తెలియదు. ఖైరున్నీసా పొదుగుకు గుడ్లు అడిగింది. నాటుపెట్టను అరువు తెచ్చి వాటి మీద కూర్చోబెడతానన్నది. సుబ్బరావమ్మ మంచి గుడ్లు ఏరి, దూదిలో పెట్టి సిద్ధం చేసింది. ఆ రోజు పత్తి ఏరడానికి కూలీలు వస్తే ఆమె చేనుకు పోవలసి వచ్చింది. గుడ్లు పొరుగింటికి యలమందయ్య చేత వెళ్ళాయి.

ఆ తరువాత కొన్ని వారాలకు కంతలో అవతలి వైపు నుంచి ఒక గుడ్డపీలిక కుక్కి ఉండడం సుబ్బరావమ్మ చూసింది. పిలిస్తే, "పనిలో ఉన్నా," అని లోపలి నుంచి జవాబు వచ్చింది. మళ్ళీ పిలిస్తే అదీ రాలేదు. ఆ వేసవిలోనే ఖైరున్నీసా కొడుకు బుడే మోటార్ల వైండింగు షాపు పెట్టుకుంటానని కుటుంబాన్ని ఊరి నుంచి తీసుకుపోయాడు. ఇల్లు కొన్న మిరప వ్యాపారి దాన్ని గోడౌను చేసి, గోడకు సిమెంటు పూయించాడు. కంత ఉన్న చోట ఇప్పుడు నున్నటి మరక ఉంది. తడిసిన చెయ్యి ఆరబెట్టుకునే నెపంతో సుబ్బరావమ్మ ఒక్కొక్కసారి అక్కడ ఆనించి నిలబడుతుంది.

పొరుగింట్లో ఆమె ఏం పోగొట్టుకున్నదో తన ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆడవాళ్ళ స్నేహం పోతే దానికి పరామర్శ ఉండదు.

ఆ నెలలో మిరపకాయలు టిక్కీ బస్తాల్లో తొక్కి గుంటూరు మిర్చి యార్డుకు తోలారు. యలమందయ్య యార్డులో కూర్చున్నాడు. సుబ్బరావమ్మ అక్కడి నుంచి ఆటోలో పెదకాకాని పోయి శివుడి దర్శనం చేసుకుని, తిరుగు ఆటో కోసం రోడ్డు పక్కన నిలబడింది. లారీల హారన్ల మధ్య ఒక కూత వినిపించింది. చివర టక్కున తెగిన కూత.

ఆమె ఎక్కబోతున్న ఆటోను వదిలేసింది. మళ్ళీ వినిపించేదాకా నిలబడి, వినిపించిన వైపు నడిచింది. సందు చివర రేకుల షెడ్డు, ముందు విప్పి పడేసిన మోటార్లు, రాగితీగ చుట్టలు. పక్కన పెరడు. పెరట్లో ఖైరున్నీసా చాటలో నూకలు చెరుగుతున్నది.

తల ఎత్తి చూసింది. చాట పక్కన పెట్టి లేచింది.

"రండి సుబ్బరావమ్మ గారూ. కూర్చోండి."

వాళ్ళిద్దరి మధ్య 'వదినా' తప్ప ఇంకొక పిలుపు ఎన్నడూ లేదు.

"ఏంది వదినా, గారు అంటన్నావు?"

"పెద్దోళ్ళు. మర్యాద ఇయ్యాల గదండీ."

"నీకంటే చిన్నదాన్ని గదే!"

"వయసు సంగతి కాదులెండి."

ఖైరున్నీసా కోడలు నసీమున్నీసా టీ తెచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, లోపలికి పోయింది. నూకల కోసం పుంజు వచ్చింది. ఎర్రటి ఒళ్ళు, అణిగిన తురాయి, పసుపు కాళ్ళు. తల పక్కకు తిప్పి సుబ్బరావమ్మను ఒక కంటితో చూసింది. తెల్లటి వలయం, నల్లటి చుక్క. ఆమె టీగ్లాసు కింద పెట్టింది.

"ఇది ఎట్టా బతికింది వదినా? నీ పెట్టలన్నీ పోయినయ్ గదా."

"మా చెల్లెలి కూతురు పెళ్ళై ఇంకొల్లు పొయ్యేటప్పుడు ఒక పెట్టనిచ్చి పంపా. గడప దాటించగూడదని తెలిసే ఇచ్చా. మీకు చెప్పలా. అది మిగిలింది, దాన్ని తెచ్చుకుని మళ్ళీ మొదలెట్టా."

"మంచి పని చేశావు."

"మంచో చెడో. ఇప్పుడు ఈటికీ వేళ్ళు వంకర్లు పోతన్నయ్."

"మా పిల్లలు పెంకులోనే పోతన్నయ్ వదినా. ఇంట్లో పుంజు పేరుకే ఉండేది, అదీ మొన్న పోయింది. దాని అమ్మా అక్కా చెల్లీ అన్నీ ఆ పెరట్లోనే ఉన్నయ్. మా ఆయన బయట పుంజుని తెస్తానంటన్నాడు. అది వస్తే ఇంకేం మిగలదు. ఒక్క పుంజుపిల్లని ఇయ్యి. పాత పద్ధతేగా."

ఖైరున్నీసా లోపలికి పోయి గిన్నెలో కొన్ని గుడ్లు తెచ్చింది. గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి విప్పింది. ఒక్కొక్క గుడ్డునూ ఎడమచేత పట్టుకుని, వెడల్పు కొన దగ్గర పిన్నీసు మొన దించి, తీసి, దస్తీలో పెట్టింది. అన్నీ అయ్యాక మూట కట్టి చేతికిచ్చింది.

"కూర ఒండుకోండి. పుంజుపిల్లలు లేవు."

జాతికోళ్ళు పెంచే ఇళ్ళలో తినడానికి బయటివాళ్ళకిచ్చే గుడ్డును సూదితో పొడిచి ఇస్తారు, తీసుకున్నవాళ్ళు పొదిగించుకోకుండా. ఆ సంగతి వాగుకు ఈవల పసిపిల్లలకు కూడా తెలుసు. పొడవకుండా ఇచ్చే గుడ్డు ఒక్కటే: గోడకు అవతలి ఇంటికి పోయే గుడ్డు.

"నా ముందే పొడిచావా వదినా?" అన్నది సుబ్బరావమ్మ.

"మీ ఇంటి పద్ధతే గదండీ. నేనైతే మీ కళ్ళ ముందు పొడిచా. మీరు దూదిలో దాచి పంపారు."

సుబ్బరావమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమైన తరువాత ఆమె 'నేను కాదు' అనలేదు. ఆ మాటకు అక్కడ విలువ లేదని గ్రహించింది. మూట తీసుకుని లేచింది.

ఇంటికి వచ్చాక కాళ్ళు కూడా కడుక్కోకుండా అడిగింది. యలమందయ్య మేనల్లుడు దుర్గాప్రసాద్ వచ్చి ఉన్నాడు. మామా అల్లుళ్ళు ఫోనులో ఒంటె మెడ పుంజు వీడియో చూస్తున్నారు.

"ఏమయ్యా, తెగులొచ్చిన ఏడు ఖైరున్నీసాకి గుడ్లు పంపాను గదా. ఆటిని నువ్వు పొడిచావా?"

"ఆఁ, పొడిచా. అయితే?"

అబద్ధం చెప్పవలసిన అవసరం కూడా అతనికి తోచలేదు.

"ఎందుకు?"

"ఎందుకేందే? ఆళ్ళ పెట్టలన్నీ చచ్చినయ్. ఇంక ముత్యపుకన్నంటే మనిల్లే. ఎవడికి గావాలన్నా మన గడప తొక్కాల. చేతికొచ్చినదాన్ని గోడవతల పోస్తామా?"

"మరి ఎవడు తొక్కాడయ్యా మన గడప?"

యలమందయ్య ఫోను వైపు చూశాడు.

"నువ్వు పొడిచింది ఆళ్ళ గుడ్లని కాదు. మనయ్యి. అవతలింట్లో పెట్టలు లేకపోతే మన పెట్టలకి పుంజెక్కడ్నుంచి వస్తది? ఇన్నేళ్ళు ఒక్క పెరట్లోనే తిప్పితే చచ్చు పిల్లలు గాక ఏమొస్తయ్?"

"పాతయ్యన్నీ ఇప్పుడెందుకు అత్తా," అన్నాడు దుర్గాప్రసాద్. "రేపు పొద్దెక్కేటప్పటికి పుంజు దిగుద్ది. బాదంపప్పు తిని పెరిగింది. చూడు, చూడు, ఈ ఎగురుడు చూడు."

"బాదంపప్పు తినేదానికి నూకలు తినే పెళ్ళామెందుకురా? కాపరం చెయ్యదు."

"మా అత్త ఎప్పుడూ ఇంతే!" అని అతను నవ్వాడు.

మరునాడు తెల్లవారగానే సుబ్బరావమ్మ గుడ్లు పెట్టే పెట్టలన్నింటినీ పట్టి, కాళ్ళు కట్టకుండా పెద్ద గంపలో కూర్చోబెట్టి, పైన వల కప్పింది. గుడ్లు మానేసిన ముసలి పెట్ట ఒక్కటే మిగిలింది. చచ్చిన గుడ్ల మీద మొన్నటిదాకా కూర్చున్నది అదే. అది ఖాళీ గంప లోనే మళ్ళీ కూర్చుని ఉంది. గడప దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగింది. అత్తగారు బతికి ఉంటే ఏమనేదో ఆమెకు తెలుసు. దాటింది.

బస్సులో కండక్టరు గంప వైపు చెయ్యి చూపించాడు. "పిన్నిగారూ, ఈటికి టిక్కెట్టు తీసుకోవాల."

"ఆడాళ్ళకి ఫ్రీ గదయ్యా. ఇయ్యన్నీ ఆడయ్యే."

వెనక సీట్లలోని ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. కండక్టరు కూడా నవ్వి ముందుకు పోయాడు. ఆమె మాత్రం నవ్వలేదు. గంప వలలోంచి ఒక తెల్లకన్ను తనను చూస్తున్నది. వట్టి చేతులతో తిరిగి వస్తే ఆ పెరట్లో ఏమీ ఉండదు.

ఖైరున్నీసా గంపను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇదేంది? పెళ్ళికూతుళ్ళనే ఎత్తుకొచ్చారా?"

"నీకు పుంజుపిల్ల ఇయ్యబుద్ధి కాలా. పెట్టలు నీ దగ్గరే ఉండనియ్యి. జాతి ఈడైనా బతుకుద్ది. నేను పొడవలేదని చెప్పను. మా ఇంట్లోంచే పొడిచి పంపారు, నాకు తెలియకుండా. మా ఆయన. నిన్న అడిగితే దాచకుండా చెప్పాడు."

ఖైరున్నీసా గంప మీది వల తీసింది. పెట్టలు ఒక్కొక్కటిగా దిగి, కొత్త నేలను కాలితో తవ్వి చూశాయి. పుంజు అటు నుంచి ఒక రెక్క వాల్చుకుంటూ వచ్చింది.

"నాకు తెలుసేమో వదినా," అన్నది ఆమె, వాటిని చూస్తూ.

"తెలిసి నన్ను తిట్టుకున్నావా?"

"ఆయనని తిట్టుకుంటే ఏం మిగుల్తది? ఆయన అట్టాంటోడని ఊరంతటికీ తెలుసు. ఒకసారి తిట్టుకుని మర్చిపోతా. నిన్ను తిట్టుకుంటేనే రోజూ గుర్తుంటావు." ఆమె పమిట చెంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ గుడ్డపీలిక కూడా నేను కుక్కిందే గదా. ఎన్నిసార్లు తీద్దామనుకున్నానో. నువ్వు అవతల నుంచి ఏలితో నెడితే పడిపొయ్యేది. నెట్టలా నువ్వు."

"నెట్టగూడదేమో అనుకున్నా."

"అదే మన బుద్ధి," అన్నది ఖైరున్నీసా. "కోళ్ళే నయం."

వాళ్ళు మధ్యాహ్నం దాకా ఆ పెరట్లోనే కూర్చున్నారు. ఇంతకాలం గుండెలో పోగేసుకున్న మాటలు ఎదురుగా కూర్చుంటే అవసరం లేనివిగా తోచాయి. సుబ్బరావమ్మ ఖాళీ గంపతో తిరిగి వచ్చింది.

ఇంట్లో ఒంటె మెడ పుంజు దిగి ఉంది. పొడవైన, అందమైన పుంజు. దానిలో తప్పేమీ లేదు. వేపచెట్టుకు నైలాన్ తాడుతో కట్టిన దాని చుట్టూ మామా అల్లుళ్ళు నిలబడి ఉన్నారు. దాని చేత కాపురం చేయించడానికి పెరట్లో గుడ్లు పెట్టే పెట్ట ఒక్కటి కూడా లేదు.

"పెట్టలేవే?" అన్నాడు యలమందయ్య.

"ఇల్లరికం పోయినయ్."

"ఎక్కడికి? ఏమే, నిన్నే! ఎవరికిచ్చావే?"

"నువ్వు పొడిచిన గుడ్లకి బదులు," అని ఆమె కాళ్ళు కడుక్కోవడానికి పోయింది.

అతను చాలా అరిచాడు. ఊరికి వినిపించేటట్టే అరిచాడు. అరుపులలో 'నా జాతి' అన్న మాట పదేపదే వచ్చింది. ఆమె పొయ్యి వెలిగించుకుంది.

పెరడు నిశ్శబ్దమైపోయింది. తెల్లవారుజామున కొత్త పుంజు రాగం తీసి తీసి కూసేది. ఆ రాగం పూర్తయ్యేదాకా ఆమె కళ్ళు మూసుకుని, అది తెగవలసిన చోటును మనసులో తెంపుకునేది. పెదకాకానిలో పెట్టలు ఈ సరికి ఏం చేస్తుంటాయో అనుకునేది. నూకలు వేస్తూ ఖైరున్నీసా ఏమని పిలుస్తుందో. తన పెట్టలు ఆ పిలుపుకు వస్తున్నాయో లేదో. ముసలి పెట్ట ఖాళీ గంపను వదలలేదు. నీళ్ళకూ గింజలకూ తప్ప లేవడం లేదు. దింపితే మళ్ళీ ఎక్కి, కింద ఏమీ లేకపోయినా రెక్కలు సర్దుకుని కూర్చునేది. ఆమె దాన్ని దింపడం మానేసింది.

ఒక పొద్దున బుడే మోటారు సైకిలు మీద వచ్చాడు. ఊళ్ళో ఎవరిదో మోటారు కాలిపోయిందట. దిగకుండానే సంచి అందించాడు.

"అత్తా, అమ్మ ఇమ్మంది. కుదుపులేకుండా పొమ్మని పది సార్లు చెప్పింది. దారంతా గతుకులు, నా పాణం పోయింది."

సంచిలో గింజ తీయని పత్తి, పత్తిలో గుడ్లు. లేత గోధుమరంగువి, చిన్నవి, ముత్యపుకన్ను పెట్టలు పెట్టేవి.

"ఇంకేమన్నా చెప్పిందా?"

"పుంజుపిల్ల పుడితే అది మాదంట. మర్చిపోవద్దంది వదినని."

అరుగు మీద పళ్ళు తోముకుంటున్న దుర్గాప్రసాద్ మెడ సాచి సంచిలోకి చూశాడు. "అత్తా, ఎండకి పెట్టి చూసుకో ముందు. సూది గుచ్చి పంపారేమో. ఊరికే పొదిగించి మోసపోతావ్."

ఎండ అప్పటికే అరుగు మీదికి వచ్చింది. గుడ్డును ఎత్తి పట్టుకుంటే చాలు, పెంకు మీద సూదిమొనంత చిల్లు ఉన్నా కనిపిస్తుంది. సుబ్బరావమ్మ ఎత్తలేదు. సంచిని పమిట కింద పెట్టుకుని నీడలోంచి నడిచి, ముసలి పెట్ట దగ్గర కూర్చుని, గుడ్లను ఒక్కొక్కటిగా దాని రొమ్ము కిందికి జరిపింది. అది ముక్కుతో ఒక్కొక్క దాన్నీ తనలోకి లాక్కుని, ఆఖరిది కూడా సర్దుకున్నాక గొణగడం ఆపింది.

ఆమె లేచింది. పుంజుపిల్ల పుడితే అవతలికి అందించాలి. ఆ ఆలోచనతోనే ఎటు నడుస్తున్నదో చూసుకోకుండా గోడ దగ్గరికి పోయి, సిమెంటు మరక మీద వేళ్ళు ఆనించి నిలబడింది.